ఫ్రిజ్‌కు సొంత లాగిన్

ఆమెకు అన్నిటికంటే భయం, ఏడవాల్సిన వేళ బిడ్డ ఏడవకపోవడం. ఎనిమిది నెలల కూతురు కాస్త ఎక్కువసేపు నిద్రపోయినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. అలాంటి మనిషికి పిల్లల ఆసుపత్రిలో టీకాల గది అప్పగించారు.

ఆ పొద్దున ఆయా తుడవడానికి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచింది. చల్లదనం తగ్గితే మోగాల్సిన ఆమె ఫోను బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది. టీకాల గది చూసే ఆ తల్లి గబుక్కున తలుపు మూసి, కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫ్రిజ్‌ను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్ నిన్నటి నుంచి నడవడం లేదు. ఇన్నేళ్లూ అది పాత ఫార్మసిస్టు లాగౌట్ చెయ్యకుండా వదిలేసిన లాగిన్ మీద నడిచింది. ఆయన రిటైరయ్యాడని నిన్ననే ఆ లాగిన్ మూసేశారు. రేపు, ఎల్లుండి సెలవు. కరెంటు పోతే మూడువందల మంది పిల్లల టీకాలు పాడైనా చెప్పే దిక్కుండదు.

కంప్యూటర్లు చూసే కుర్రవాడు తేలిగ్గా నవ్వాడు. "ఇంతేనా అక్కా? నీ లాగిన్‌లో మొదలుపెట్టెయ్."

"నేను లాగౌట్ చేసి ఇంటికెళ్తే అదీ ఆగిపోతుంది తమ్ముడూ."

"లాగౌట్ చెయ్యకు."

"నా పేరు తెరిచిపెట్టి పోతే ఎవరేం చేసినా నా మెడకే చుట్టుకుంటుంది."

"పదో తరగతి పరీక్షే రాయలేదన్నావు, నాకు పాఠాలా!"

"పరీక్ష రాయలేదు గానీ, అడగడం మానలేదుగా!" అంటూనే పాత ఫార్మసిస్టుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

"నా పేరు మీద పెట్టడమే నేను చేసిన తప్పు తల్లీ," అన్నాడాయన. "ఫ్రిజ్‌కే ఒక లాగిన్ పుట్టించమను. ఆ ఒక్క పని తప్ప దానికి మరే హక్కూ ఇవ్వొద్దను. మనుషులు వస్తుంటారు, పోతుంటారు."

కుర్రవాడు తల గోక్కుని, చెప్పినట్టే చేశాడు. ఆమె లాగౌట్ చేసి, ఫ్రిజ్‌లో చల్లదనం కొలిచే సెన్సర్ తీసి గుప్పిట్లో బిగించింది. నిమిషం తిరక్కుండానే ఫోను గొల్లుమంది. "అరుపంటే అదీ!" అంది ఆమె.

మోగిందని చెబితే ఫార్మసిస్టు పొంగిపోయాడు. తరువాత, "ఇంకేమైనా అడగాలా?" అన్నాడు. ఏమీ లేదన్నా, మళ్లీ అదే అడిగాడు. ఆదివారం పాపను తీసుకుని వస్తానని ఆమె మాటిచ్చింది.

మీ దగ్గరా ఈ మధ్యే పని మానిన పెద్దాయన ఎవరైనా ఉంటే, పనేమీ లేకపోయినా సరే, ఎలా ఉన్నాడో ఒక్కసారి కనుక్కోండి.