మీటరులో తొమ్మిది

ఎల్లేశం పిట్టగోడ మీది ఇనుప కడ్డీకి చీర పేలికను రెండు ముళ్లు వేసి కట్టాడు. మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. భార్య భూలక్ష్మి పాత నూలు చీరలోది. ఒకటి చిరిగిపోతే ఆమె ఇంకొకటి చింపి టిఫిన్ డబ్బాకు చుట్టి ఇచ్చేది.

హైటెక్ సిటీలోని ఆ పంతొమ్మిది అంతస్తుల భవనానికి పదకొండేళ్లుగా అతను అద్దాలు తుడుస్తున్నాడు. రెండు ఉక్కు తాళ్లకు వేలాడే ఇనుప తొట్టిలో దిగాలి. దాన్ని అందరూ జూల అంటారు. పేలిక కిందికి వేలాడితే దిగేవాడు. సగం లేస్తే చూసి చూసి దిగేవాడు. కడ్డీకి అడ్డంగా నిలబడితే బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేవాడు.

ఆ ఉదయం అడ్డంగా నిలబడింది. ఎల్లేశం బకెట్ బోర్లించాడు.

జూన్ రెండో వారం. పడమటి గాలి. అది ఈ భవనానికీ పక్క భవనానికీ మధ్యనున్న ముప్పై అడుగుల సందులోకి దూరుతుంది. అంత గాలీ ఆ ఇరుకు సందులోంచే పోవాలి కాబట్టి అక్కడ వేగం పెరుగుతుంది. ఈ సంగతి ఎల్లేశం ఎక్కడా చదవలేదు. పదకొండో అంతస్తు దగ్గర సబ్బునీళ్లు కిందికి కారకుండా పైకి పాకడం చూశాడు. అతని ఎడమ మోచేయి పూర్తిగా చాచుకోదు. మూడేళ్ల కిందట జూల ఊగి కాంక్రీటు స్తంభానికి కొట్టుకుంది.

ఆ తర్వాతే కంపెనీ గాలిమీటరు తెచ్చింది. గాలి గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు దాటితే ఎవరూ దిగకూడదని నియమం పెట్టింది. మీటరును మాత్రం లిఫ్టు గది గోడకు తూర్పున బిగించారు. కరెంటు పాయింటు అక్కడుంది.

"సారూ, గోడ చాటుకు పెట్టిన్రు. గాలెట్ల తగుల్తది దానికి?" అని ఎల్లేశం మూడుసార్లు అడిగాడు.

"గాలి ఎక్కడైనా గాలే కదయ్యా," అన్నాడు సూపర్‌వైజర్ శ్రీనివాసులు. మూడోసారి ఫోను చూసుకుంటూ కిందికి వెళ్లిపోయాడు.

ఎనిమిదింపావుకు శ్రీనివాసులు పైకి వచ్చాడు. పదకొండింటికి విదేశీ కంపెనీవాళ్లు వస్తున్నారు. వాళ్లు కూర్చునే గది పన్నెండో అంతస్తులో, సందు వైపు ఉంది. దాని అద్దాల మీద పావురాల రెట్టలు ఉన్నాయి.

"ఇంకా దిగలేదేంటయ్యా?"

"పేలిక సూడున్రి సారూ."

శ్రీనివాసులు మీటరు చూశాడు. "తొమ్మిది. ఇంత మీటరుండగా మీ ఆవిడ చీరెందుకయ్యా మనకి?"

"దాన్ని గోడకు గీ దిక్కు తెచ్చి పెట్టున్రి. అప్పుడు గూడ తొమ్మిదే సూపిస్తే మీ అద్దాలు నాలుకతోని తుడుస్త."

పక్కనే నిలబడ్డ కొత్త పనివాడు పోచయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. అతనికి యాభై నాలుగేళ్లు. గోడలకు రంగులు వేసే పని మాని ఇందులో చేరి పది రోజులైంది.

"నీకు కుదరకపోతే కార్డిచ్చి వెళ్లిపో," అన్నాడు శ్రీనివాసులు. "పోచయ్యా, నువ్వెక్కు."

పోచయ్య ఎక్కాడు. రెండు చేతులతో జూల అంచు పట్టుకుని నిలబడ్డాడు. బెల్టు కొక్కెం తాడుకు తగిలించుకోలేదు. ఎల్లేశం ఆ కొక్కేన్నే చూశాడు. బకెట్ మీంచి లేచాడు.

"జూలలకెల్లి దిగు అన్నా. నీకు గీ గాలి ఎర్క లేదు."

"మరి నువ్వు?"

"నాకు ఎర్కే గద. నువ్వు జర స్విచ్చు కాడ నిలబడు. నేను చెయ్యూపితే పైకి గుంజు."

జూలలో ఇద్దరు ఉండాలని కంపెనీ కాగితంలోనే ఉంది. శ్రీనివాసులు ఆ మాట ఎత్తలేదు. ఒక్కడే ఉంటే తొట్టి బరువు తగ్గుతుంది. తేలికైన తొట్టిని గాలి ఎక్కువ దూరం నెడుతుంది. ఎల్లేశానికి అది తెలుసు. బెల్టు కొక్కెం తగిలించుకుని, లాగి చూసుకుని దిగాడు.

నాలుగు అద్దాలు తుడిచాడు. తొమ్మిదీ ఇరవైకి చెయ్యెత్తి ఊపాడు. పోచయ్య స్విచ్చు నొక్కాడు. జూల పైకి కదిలేలోగా గాలికి అద్దం నుంచి ఆరడుగుల దూరం పోయి తిరిగి వచ్చింది. ఒక్కటే చప్పుడు.

జూల పైకి వచ్చేసరికి ఎల్లేశం అందులో ఒక పక్కకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బెల్టు తెగలేదు. హెల్మెట్ పగిలింది. దవాఖానలో చూసి, దారిలోనే పోయాడన్నారు.

పదకొండింటికి అతిథులు వచ్చారు. ఆ గదికి తెరలు వేసి, వాళ్లను వేరే అంతస్తులో కూర్చోబెట్టారు.

సాయంత్రం శ్రీనివాసులు రిపోర్టు రాసి పైకి తెచ్చాడు. గాలి వేగం: గంటకు తొమ్మిది కిలోమీటర్లు. కారణం: కార్మికుడి అజాగ్రత్త, ఒంటరిగా దిగాడు. సాక్షి సంతకం చెయ్యమని పోచయ్యకు పెన్ను ఇచ్చాడు.

"మీటరు గోడ చాటుకున్నదని రాయున్రి సారూ."

"దానికి ఇందులో గడి లేదయ్యా."

"అయితే నా సంతకానికి గూడ లేదు," అన్నాడు పోచయ్య. పెన్ను తిరిగి ఇచ్చాడు. మెడలోని కార్డు తీసి రిపోర్టు మీద పెట్టాడు.

గోడ వెనక మీటరు తొమ్మిది చూపిస్తోంది. పిట్టగోడ మీది కడ్డీకి పేలిక అడ్డంగా నిలబడి ఉంది, రెండు ముళ్లూ విడలేదు.