సీసాలక్క ద్రాక్షరసం

బల్ల మీది తెల్లగుడ్డ ఇస్త్రీ చేయాలి. రొట్టె పైపెచ్చు తీసేసి చిన్న ముక్కలు కోయాలి. గాజు గిన్నెలు వేడినీళ్ళలో ముంచి తీసి, మరక లేకుండా తుడవాలి. బల్ల ముందు అడ్డంగా ఉండే కొయ్య గ్రాది దగ్గర వేసే మోకాళ్ళ మెత్తలు దులిపి, చిరిగిన పక్క కనపడకుండా తిప్పి పెట్టాలి. కూజాలో పూలకు నీళ్ళు మార్చాలి. అయ్యగారి నిలువుటంగీకి ఊడిన గుండీ కుట్టాలి. చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పైఅధికారి అయిన పెద్దయ్యగారు ఇవాళ ప్రసంగానికి వస్తున్నారు గనక, చేతులున్నదీ ఊగనిదీ అయిన కుర్చీ ఒకటి వెతకాలి. అన్నీ అయ్యాక, ఆఖరున, ద్రాక్షరసం సీసా మూత తీసి గిన్నెలు నింపాలి.

నెలలో మొదటి ఆదివారం వచ్చిందంటే సీసాలక్క ఈ పనులన్నీ నోట్లో గొణుక్కుంటూ చేస్తుంది. తలుపు గడియ పెట్టానా లేదా అని సగం వీధి వెనక్కి నడిచే మనిషి ఆమె. పొయ్యి ఆర్పానా అని ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచే మనిషి. పొట్టిగా, బక్కగా, భుజాలు ముందుకు వంగి, ఏదో జారిపడబోతుంటే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టుంటుంది. వేళ్ళు మాత్రం లావు. మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగీ కడిగీ వేలిముద్రలు అరిగిపోయాయి. గేటు దగ్గరి హాజరు యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టదు. రోజూ గుమాస్తా నవ్వుకుంటూ చేత్తో రాసుకుంటాడు. అక్కడి సోడా ఆవిరికి ముక్కు కూడా ఎప్పుడో చచ్చుబడింది. గులాబీకీ కిరసనాయిలుకీ తేడా చెప్పలేదు. సీసాలు కడిగేది గనక సీసాలక్క. ఆమెకంటే పెద్దవాళ్ళకూ అక్కే, ఆదివారం బడి పిల్లలకూ అక్కే.

గుడిలో ద్రాక్షరసం కాచే పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. అంతకుముందు కాచే పెద్దావిడ మంచాన పడితే ఒక నెల ఈమె చేసింది. ఆ నెల అలాగే ఏళ్ళయింది. మెథడిస్టు సంఘంలో, క్రీస్తు జ్ఞాపకంగా అందరూ రొట్టె, రసం పుచ్చుకునే ప్రభు బల్ల మీదికి పులిసిన రసం రాదు. తాగుడు మానుకుని వచ్చినవాడు కూడా బెరుకు లేకుండా మోకరించాలని పెద్దలెప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. ద్రాక్షలు కడిగి, చిదిమి, కాచి, గుడ్డలో వడకట్టి, వేడి వేడిగా మరిగించిన సీసాలో పోసి బిరడా బిగించాలి. ఎప్పుడూ శనివారం సాయంత్రం కాస్తుంది. ఈసారి ఫ్యాక్టరీలో శనివారం కూడా పని పడటంతో ముందే కాచేసింది. అసలే ఎండలు.

ఆరాధన రెండో గంట ఇంకా కొట్టలేదు. గుడి పక్కన బల్ల సామాను ఉంచే వెస్ట్రీ గదిలో నిలబడి సీసా బిరడా తిప్పింది. 'తుస్సు'మని చిన్న చప్పుడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. బిరడా మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. ఈసారి చప్పుడు లేదు. సీసా మెడ దగ్గర సన్నని బుడగలు మాత్రం ఒకదాని వెనక ఒకటి పైకొస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ ముక్కు ఏం చెబుతుంది? నాలిక మీద చుక్క వేసుకుంది. తియ్యగా ఉంది, కొంచెం చురుకుగా ఉంది. కల్తీ లేని ద్రాక్ష చురుకుగా ఉంటుందా? పులిస్తే ఎలా ఉంటుంది? జన్మలో తాగి ఎరగదు. అప్పుడొక అనుమానం వచ్చింది. రసం పోసేముందు ఆ సీసాను మరిగించిందా? పొయ్యి గుర్తుంది, వడకట్టిన గుడ్డ గుర్తుంది, బిరడా బిగించడం గుర్తుంది. సీసా మరిగించడం గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

కిటికీలోంచి చూసింది. మూడో బెంచీలో తమ్ముడు, పక్కన మరదలు. తమ్ముడు మేస్త్రి; నూనె రాసి అణిచిన జుట్టులో సిమెంటు దుమ్ము ఇంకా కనిపిస్తోంది.

తల్లి పోయాక వాణ్ణి ఆమే పెంచింది. తనకు ఒక సంబంధం వచ్చినప్పుడు తమ్ముడు కుదుటపడ్డాక చూద్దామంది. తమ్ముడు కుదుటపడలేదు. తాగుడుతో, పరంజా మీద పని చేసే చేతులు పొద్దున్నే వణికేవి. ఎవరో ఒకరు మోసుకొచ్చి గుమ్మంలో దింపి పోయేవారు. మరదలు పుట్టింటికి వెళ్ళిపోయింది. చివరికి ఒక కొత్త సంవత్సరపు నిబంధన ఆరాధనలో, సంఘమంతా లేచి దేవునికి తమను తాము మళ్ళీ అప్పగించుకునేవేళ, వాడు వెనక బెంచీలోంచి లేచి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అప్పటినుంచి ముట్టలేదు. మరదలు తిరిగొచ్చింది. వచ్చి ఏళ్ళవుతున్నా బట్టల పెట్టె మాత్రం పూర్తిగా విప్పలేదు. సగం బట్టలు మడతల మీదే ఉంటాయి. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. వాడు పనినుంచి రావడం ఆలస్యమైతే సీసాలక్క వీధి చివరిదాకా వెళ్ళి నిలబడుతుంది. వాడు కనపడగానే చెత్త పారబోయడానికి వచ్చినట్టు తిరిగి పోతుంది.

అయ్యగారు లోపలికొచ్చారు. కుర్రవాడు, ఈ సంఘానికి బదిలీ అయి వచ్చి ఏడాది కూడా కాలేదు. వెనకాలే లెక్కల మాస్టారు. ఆయన సంఘానికి స్టివార్డు. బల్ల ఏర్పాట్లు ఆయన కనుసన్నల్లో జరగాలి. దాచడం చేతకాక సీసాలక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అయ్యగారు చెంచాతో రుచి చూసి పైకప్పు కేసి చూశారు. ఇంకో చెంచా చూశారు. తనకు బాగానే ఉందన్నారు, కొంచెం చురుక్కుమంటోంది, అలా ఉండకూడదా అని అడిగారు. మాస్టారు కళ్ళు మూసుకుని చప్పరించి, ఘాటున్న మాట నిజమే గాని ద్రాక్షే ఘాటుజాతేమో అన్నారు. మాస్టారి ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ముట్టినవాళ్ళు కాదు. అయ్యగారు పాస్టరుగారి కొడుకు. ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఆ రుచి తెలిసినవాళ్ళు ఈ గదిలో ఒక్కరూ లేరు. దేవునికి స్తోత్రం," అన్నారు అయ్యగారు. "కాని ఇప్పుడెలా?"

మాస్టారి మొహం వెలిగింది. ఆయన మంచివారు, ఎవరికీ చెడు తలపెట్టరు. అందుకే ఆ మాట అంత తేలిగ్గా అనగలిగారు.

"మన మేస్త్రి ఉన్నాడుగా. ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నాడంటే చెప్పేస్తాడు. ఆ విద్యలో అతన్ని మించినవాడెవడు?"

అంటూనే తలుపు దగ్గరికెళ్ళి మూడో బెంచీ వైపు చెయ్యి ఊపారు.

సీసాలక్క వద్దందామనుకుంది. ఈ ఊళ్ళో ఆ సీసా సంగతి తేల్చగలిగేవాడు ఒక్కడే, ఆ సీసా దరిదాపులకు రాకూడనివాడూ వాడొక్కడే. బెంచీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అయ్యగారి ముందు గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి, సీసా ఎత్తి, గిన్నెలు కడిగే తొట్టి మీద తలకిందులుగా పట్టుకుంది. మాస్టారు నోరు తెరిచారు. అయ్యగారు చెయ్యి చాచారు గాని పట్టుకోలేదు. రసం గుడగుడమంటూ పోయింది. ఆఖరి చుక్కదాకా ఆమె చెయ్యి దించలేదు.

"పిలిచారటండీ," అంటూ మేస్త్రి గుమ్మంలోకి వచ్చాడు.

వచ్చి అక్కడే ఆగిపోయాడు. ముక్కుపుటాలు ఒక్కసారి కదిలాయి. తొట్టి వైపు చూశాడు, ఎర్రటి చార వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది కాబోలు, తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నారు.

"ఏం లేదురా. మోకాళ్ళ మెత్త ఒకటి చిరిగింది, కుడతావేమోనని. తర్వాత చూద్దాంలే. వెళ్ళి కూర్చో," అంది సీసాలక్క.

మేస్త్రి వెనుదిరిగాడు. వెళ్ళి కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్న ఆ దగ్గర్లో ద్రాక్ష దొరకదు. తమ ఇంటి వంటింట్లో ఎండుద్రాక్ష ఉండాలని అయ్యగారికి గుర్తొచ్చింది. నీళ్ళలో కాచి, చిదిమి వడకడితే అదీ ద్రాక్షరసమే. కాని టైము కావాలి. పెద్దయ్యగారు ప్రసంగం ఎంతసేపు చేస్తారో అని అయ్యగారు మెల్లగా అడిగారు.

"గడియారం అలిసిపోవాలే గాని ఆయన అలిసిపోరండీ," అన్నారు మాస్టారు. పొయ్యి వెలిగించడానికి తనే ముందు పరిగెత్తారు.

గుడి వెనకే అయ్యగారి ఇల్లు. సీసాలక్క పొయ్యి ముందు నిలబడి, కిటికీలోంచి వస్తున్న ప్రసంగం వింటూ గరిటె తిప్పింది. 'చివరిగా ఒక్క మాట' అని పెద్దయ్యగారు అన్నప్పుడల్లా ఆమె ప్రాణం పోయింది. ఆ మాట వెనకే ఇంకో మాట వచ్చినప్పుడల్లా లేచొచ్చింది. జీవితంలో మొదటిసారి ప్రసంగం పొడుగు కావాలని ప్రార్థించింది. సీసా జోలికి పోలేదు. వడకట్టిందాన్ని తిన్నగా గిన్నెల్లోకే పోసింది. రంగు పల్చటి టీ నీళ్ళలా ఉంది. కొంచెం పళ్ళెంలో ఒలికింది. తుడిచింది. తుడిచిన గుడ్డ ఎక్కడ పెట్టిందో మర్చిపోయి వెతుక్కుంది. అది భుజం మీదే ఉంది.

జనం వరసలుగా వచ్చి గ్రాది ముందు మోకరించారు. ఆమె వెస్ట్రీ తలుపు సందులోంచి చూస్తోంది. అయ్యగారు పళ్ళెం చేతబట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగుతున్నారు. తమ్ముడి వంతు వచ్చింది. వాడు గిన్నె తీసుకున్నాడు. పెదవుల దాకా తెచ్చి ఆపాడు. పక్కనున్న మరదలు కళ్ళు మూసుకోవలసిన వేళ కళ్ళు తెరిచి వాడి చెయ్యే చూస్తోంది. గాలి పీల్చాడు. తర్వాత తాగాడు, గిన్నె పళ్ళెంలో పెట్టాడు. సీసాలక్క తలుపు సందు మూసింది.

ఆరాధన అయ్యాక ఒక ముసలావిడ ఆమెను ఆపి, ఇవాళ్టి రసం దగ్గు మందులా గొంతుకు హాయిగా ఉందని, వచ్చే నెల కూడా ఇదే చెయ్యమని చెప్పి వెళ్ళింది.

గిన్నెలు కడుగుతుంటే తమ్ముడు వచ్చాడు. తువ్వాలు తీసుకుని పక్కన నిలబడ్డాడు. ఆమె కడిగి ఇస్తోంది, వాడు తుడిచి బోర్లిస్తున్నాడు.

"మెత్త ఎక్కడ చిరిగిందక్కా?"

ఆమె ఇంకో గిన్నె కడిగి అందించింది.

"నన్ను నమ్మలేదు కదూ."

"నీ మీద నమ్మకం లేక కాదురా. నా చేతి మీదే పోయింది. ఆ సీసా మరగబెట్టానో లేదో గుర్తు రాలేదు. అదే పనిగా బతుకంతా సీసాలు కడిగిన చెయ్యి. ఆ ఒక్క సీసా గుర్తు లేదు."

వాడు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు.

"గుమ్మంలోనే తెలిసింది నాకు, పులిసిపోయిందని," అన్నాడు. "నువ్వు పారబోయకపోతే తాగేవాణ్ణక్కా. తెలిసే తాగేవాణ్ణి. అయ్యగారు చేతికిచ్చిందే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. సాయంత్రానికి ఎక్కడుండేవాణ్ణో."

సీసాలక్క చేతిలో గిన్నె నీళ్ళలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ భయం తనొక్కదానిదే అనుకుంది. వీధి చివర నిలబడినప్పుడు, వాడి అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించినప్పుడు, వాడు మాత్రం ఆ భయాన్ని దాటి ఎటో నిశ్చింతగా ఉన్నాడనుకుంది.

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"చెబితే నీకు నిద్ర పడుతుందా?"

"చెప్పకపోతే పడుతోందా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె తడిచేత్తో వాడి మణికట్టు పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా. వాడు విడిపించుకోలేదు. మిగిలిన గిన్నెలు ఒంటిచేత్తోనే తుడిచాడు.

ఆ ఏడు చలికాలంలో సీసాలక్క పోయింది. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం విరామానికి స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది. సీసాలక్క పనిలో కునుకు తీయడమేమిటని తోటివాళ్ళు నవ్వుకున్నారు. లేపితే కంగారుపడుతుందని కాసేపు ఎవరూ లేపలేదు.

భూస్థాపన అయ్యాక కమిటీ కూర్చుంది. ఇకమీదట రసం అంగట్లో కొనుక్కొద్దామన్నారు కొందరు. వెనకనుంచి మేస్త్రి లేచి, తను కాస్తానన్నాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. భయం లేదా అని అడిగారు అయ్యగారు.

"ఉందండీ. అందుకే ఆదివారం పొద్దున్నే వచ్చి కాస్తాను. ఒక్క పూట కూడా నిలవ పెట్టను," అన్నాడు మేస్త్రి.

అలాగే చేస్తున్నాడు. మొదటి ఆదివారం అందరికంటే ముందు అయ్యగారి వంటింటికి వస్తాడు. అతని భార్య గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది. మిగిలిన రసం అక్కడికక్కడే మొక్కల్లో పోసి, గిన్నె కడిగి బోర్లించి మరీ ఇంటికి వెళతాడు.

ఆ సంఘంలో పోయినవాళ్ళ కోసం ప్రార్థించే అలవాటు లేదు. వాళ్ళు చేరవలసిన చోటికి చేరారని నమ్మకం. అందుచేత సీసాలక్క కోసం ఎవరూ ఏమీ అడగనక్కరలేదు. బతికి ఉన్నవాడు మేస్త్రి. అతనికి ప్రతి నెలా ఒక మొదటి ఆదివారం వస్తుంది. పొయ్యి మీద గిన్నె పొంగుతుంది, ఆ ఆవిరి మొహానికి కొడుతుంది. ఇది చదివినవాళ్ళు మీ ప్రార్థనలో, ప్రార్థన అలవాటు లేనివాళ్ళు ఊరికే మనసులో, ఆ మేస్త్రిని జ్ఞాపకం చేసుకోండి.