జనగామలో పోసిన వైసు

ఖుర్షీద్ బేగం నోటికి జనగామలో సగం మంది భయపడతారు, మిగతా సగం ఆమె చేతి పనికి దండం పెడతారు. రెండూ చేసే మనిషి చంద్రమౌళి. ఆయనకు స్టేషన్ రోడ్డులో పనిముట్ల దుకాణం ఉంది, లింగాల ఘనపూర్ పక్కన ముప్పై ఎకరాల పొలం ఉంది. సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచి చౌరస్తాలోని దీక్షా శిబిరంలో మైకుకు దగ్గరి కుర్చీ కూడా ఉంది.

ఖుర్షీద్ బేగానిది పాత వైసుల పని. ఇనుప ముక్కను కోయాలన్నా, ఆకురాయితో అరగదీయాలన్నా అది కదలకుండా రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే బరువైన పనిముట్టు వైసు. ప్రతి వెల్డింగ్ కొట్టులోనూ బెంచీ మూలకు బిగించి ఉంటుంది. మూతపడిన మిల్లుల నుంచి, కార్ఖానాల నుంచి అలాంటివి తుప్పు పట్టి వస్తాయి. ఏ కార్ఖానాలో ఇనుము కరిగించి పోసిందో, ఏ కాలంనాటిదో, ఎంత చేస్తుందో ఆమె చెబుతుంది. తర్వాత విప్పి, కడిగి, అరిగినవి మార్చి మళ్లీ నిలబెడుతుంది. భర్త షరీఫ్ దగ్గర నేర్చుకున్న పని, ఆయన పోయాక పదకొండేళ్లుగా ఒక్కతే చేస్తోంది. ఆమెకు ఒకే ఒక్క పట్టింపు ఉంది. లోపలి నట్టు కళ్లతో చూడనిదే ఖరీదు చెప్పదు. తొందరపెట్టిన వాళ్లకు వచ్చిన దారి చూపిస్తుంది.

ఆ సెప్టెంబరులో చంద్రమౌళి ఒక వైసు తెచ్చాడు. నర్మెట్టలో ఏదో నూనె మిల్లు తీసేస్తుంటే మూలన దొరికిందట. నిండా ఆకుపచ్చ రంగు, దాని మీద నూనె మడ్డి, దాని మీద దుమ్ము. నున్నగా చేసి నీలి రంగు వేయమన్నాడు. ఇంగ్లండు పేరున్న ఇత్తడి పట్టీ తనే తెచ్చి అతికిస్తానన్నాడు. హైదరాబాద్‌లో పాత పనిముట్లు పోగుచేసే ఒకాయన పద్దెనిమిది వేలకు తీసుకుంటాడని కూడా అన్నాడు.

"ఇంగ్లండ్‌దా కాదా విప్పినంక చెప్త పటేలా" అంది ఆమె.

"పట్టీ అతికిస్తే ఇంగ్లండ్‌దే" అని ఆయన నవ్వుకుంటూ శిబిరానికి వెళ్లిపోయాడు.

కరెంటు ఉంటే ఈ కథే లేదు. మోటారుకు తీగల చక్రం తగిలించి పది నిమిషాల్లో రంగూ మడ్డీ అన్నీ లేపేసేది, దాంతో పాటు కింద ఉన్నదీ పోయేది. కానీ భూపాలపల్లిలో బొగ్గు తవ్వకం ఆగిపోయి, ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. ఎదురుచూడటం ఆమె ఒంటికి పడదు. కిరసనాయిలు గిన్నె, పాత ఉలి ముక్క ముందు పెట్టుకుని గడప దగ్గర వెలుతురులో కూర్చుని చేత్తోనే గీకడం మొదలుపెట్టింది.

రంగు కింద, వైసు పక్క భాగాన, నల్లటి లప్పం తగిలింది. బొగ్గులా గట్టిపడి ఉంది. పెంకు లేపి వేళ్ల మధ్య నలిపి చూసింది. సుద్దపొడి, అవిసె నూనె, పొయ్యి మసి. బజారులో దొరికే సరుకు కాదది. తన చిన్నప్పుడు అమ్మ తిట్టుకుంటూ ఇంట్లో రోట్లో నూరిన లప్పం. ఇంకెవరి ఇంట్లోనూ అలా నూరగా చూడలేదు.

ఆ తర్వాత ఆమె చెయ్యి నెమ్మదించింది. ఉలి పక్కన పెట్టి వెదురు పుల్లతో గీకింది. మధ్యాహ్నానికి అక్షరాలు తేలాయి. ఇసుక అచ్చులోనే పోసిన ఉబ్బెత్తు అక్షరాలు. పై వరస ఉర్దూలో, అబ్దుల్ బారీ. కింది వరస తెలుగులో, జనగామ.

అబ్దుల్ బారీ ఆమె తండ్రి. రైలు గేటు అవతల చిన్న పోత కార్ఖానా పెట్టి ఏడెనిమిదేళ్లు వైసులు పోశాడు. ఆయనకు ఇనుము మీద నమ్మకం తక్కువ. ఎక్కడ అనుమానం వస్తే అక్కడ వేలెడు మందం ఎక్కువ పోసేవాడు, అందుకే ఆయన వైసులు చూడటానికి మొరటుగా ఉండేవి. పట్నం వ్యాపారులు వాటిని కొనేవాళ్లు, కానీ ఆ పేరు వద్దనేవాళ్లు. పేరు లేకపోతే వాళ్లకు నచ్చిన దేశం పేరు పెట్టుకోవచ్చు. అందుకని ప్రతి గురువారం ఆయన స్టూలు మీద కూర్చుని తన పేరును తానే ఆకురాయితో అరగదీసేవాడు. ఎందుకని అడిగితే "నామ్ రయే తో బిక్తా నై, బేటా" అనేవాడు. పేరుంటే అమ్ముడుపోదని. చిన్న ఖుర్షీద్ ఆ ఇనుప పొడిని కాగితంలో పోగుచేసేది. అందులో తన తండ్రి పేరు ఉందని ఆమె నమ్మకం.

ఆయన పోయి నలభై ఏళ్లు. జనగామలో మా అబ్బా వైసులు పోశాడని ఎప్పుడు చెప్పినా జనం నవ్వేవాళ్లు. షరీఫ్ కూడా, మంచి మనిషే కానీ, నవ్వేవాడు. చూపించడానికి ఒక్కటి కూడా మిగల్లేదు. ఇదిగో, ఇది మిగిలింది. ఈ ఒక్కదాని మీద ఆకురాయి ఆడించడానికి ఆయనకు చెయ్యి రాలేదు. అరగదీయకుండా లప్పం పూసి దాచి పంపించాడు. ఎప్పుడో ఎవరో గీకుతారని అనుకున్నాడో ఏమో. ఖుర్షీద్ బేగం గడప మీద కూర్చుని ఏడ్చింది. కొట్టు ముందు నుంచి వెళ్లేవాళ్లు ఆగి చూస్తే చూడనీ అనుకుంది.

ఏడుపు అయిపోయాక భయం పట్టుకుంది. పేరు సరే, ఇనుము ఎట్లా ఉంది? తండ్రిది కదా అని తూకంలో మొగ్గు చూపే మనిషి కాదు తను. నాసిరకమైతే నాసిరకమనే చెప్పాలి. విప్పిన దవడను తాడుకు వేలాడదీసి చిన్న సుత్తెతో తట్టింది. పగులుంటే బొంగురు పలుకుతుంది. ఇది స్పష్టంగా మోగింది. పెద్ద మరబోల్టు గాడులు బలంగా ఉన్నాయి. నట్టు ఒక పక్క కొంచెం అరిగింది, అయినా ఇంకో ముప్పై ఏళ్లు లాగుతుంది. పీఠం అడుగున, పోసేటప్పుడు గాలి చిక్కి పడ్డ గుంతలు రెండు కనిపించాయి. బలం పడే చోటు కాదు కానీ, ఉన్నవి ఉన్నట్టే పలక మీద రాసి పెట్టింది. దవడల పళ్లు పూర్తిగా అరిగిపోయి ఉంటే, పాత లారీ కమాను పట్టీ కోసి, రెండు రోజులు చేత్తోనే గాట్లు పెట్టి కొత్తవి బిగించింది.

మూడో రోజు చంద్రమౌళి వచ్చాడు. శిబిరంలో వేసుకున్న గులాబీ కండువా మెడలో అలాగే ఉంది. వైసును తిప్పి చూసి మెచ్చుకున్నాడు. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ముఖం మారింది. ఆమె అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు, విని, ఆ పేరు లేపేయమన్నాడు. కరెంటు లేదంటే ఆకురాయితో అరగదీయమన్నాడు.

"గీ పేరుతోని దీని ఖరీదెంత పటేలా?" అని అడిగింది ఆమె.

"గీ పేరుకు ఖరీదేంది? పాత ఇనుము తూకమే. కిలో ఇరవై రెండు."

రేపు సాయంత్రం దాకా చూస్తానన్నాడు. ఆమె వల్ల కాకపోతే మహబూబాబాద్‌లో ఇంకో పనివాడు ఉన్నాడు, గంటలో నున్నగా చేసిస్తాడు. ఆ తర్వాత తన దుకాణం నుంచి ఆమె కొట్టుకు ఒక్క పని కూడా రాదు. ఇదంతా గొంతు పెంచకుండా, అక్కరకొచ్చే మనిషి సలహా చెప్పినట్టు చెప్పి వెళ్లాడు. వైసు ఆయనదే. కాదనడానికి ఆమెకు ఏ హక్కూ లేదు.

ఆమె కూర్చుని లెక్క వేసుకుంది. నలభై కిలోలు, తొమ్మిది వందలు కూడా కాదు. శిబిరంలో అందరి ముందు ఆ తూకం మాటే ఆయనతో ఇంకోసారి అనిపిస్తే, ఆ ధరకే కొనేయొచ్చు. అనకపోతే పేరు గీకమనడానికి ఆయనకు నోరు రాదు. అంతే అనుకుంది.

మర్నాడు పొద్దున తన బెంచీకి ఉన్న వైసు బోల్టులు విప్పింది. అది నిజంగానే ఇంగ్లండులో పోసింది. సికింద్రాబాద్‌లో ఒక కార్ఖానా మూతపడితే షరీఫ్ కొని తెచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటికి అన్నం పెట్టింది. పక్కపక్కన పెట్టి చూపిస్తే జనానికి తెలుస్తుందని దాన్నీ, తండ్రిదాన్నీ బీక్యా తోపుడు బండి మీద ఎక్కించింది. బీక్యా కూరగాయలు అమ్మే మనిషి. ఎక్కడికని అడగలేదు, ఆమె ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు.

శిబిరంలో చంద్రమౌళే మాట్లాడుతున్నాడు. మంచి వక్త, ఆ మాట ఒప్పుకోవాలి. మన మాటను సినిమాల్లో జోకర్ల నోట పెట్టి నవ్వారన్నాడు. మన బొగ్గు మనది, మన నీళ్లు మనవి, మన పేరు మనకు కావాలన్నాడు. చప్పట్లు కొట్టిన వాళ్లలో ఖుర్షీద్ బేగం కూడా ఉంది. ఆ మాటల్లో తప్పు లేదు మరి. చప్పట్లు ఆగాక బండిని గుడారం నీడలోకి నెట్టించింది. శిబిరం చూసుకునే లక్ష్మణ్ బడిపంతులు, సమ్మెలో ఉన్నాడు. ఏమిటి చాచీ అని ఎదురొచ్చాడు. పటేలును ఒక ధర అడిగి పోతానంది.

అందరికీ వినబడేలా చెప్పింది. ఒకటి ఇంగ్లండుది, తన బెంచీది. ఒకటి జనగామది, తన తండ్రి పోసింది, పేరు దాని మీదే ఉంది. రెండింటినీ విప్పి చూసింది తను. రెండో దానికి అడుగున రెండు గుంతలున్నాయి, మొదటిదానికి నట్టు మారింది. పట్టులో రెండూ సమానం.

"గీ పేరుతోని గిది ఎంత చేస్తదో చెప్పు పటేలా. నిన్న నాకు చెప్పినవు. గిప్పుడు మైకుల చెప్పు."

చంద్రమౌళి మైకు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. తెలివైనవాడు. రెండు క్షణాల్లో నవ్వు తెచ్చుకుని లేచి, దీనికి ధర కట్టడానికి మనమెంత అన్నాడు. ఉద్యమం పేరు మీద, మన ఖుర్షీద్ బీకి దీన్ని ఊరికే ఇస్తున్నానన్నాడు. చప్పట్లు మోగాయి. ఎవరో శాలువా కోసం వెతుకుతున్నారు.

వైసు దొరికింది. ఆమె వచ్చిన పని అయిపోయింది. చేతులు చాచి తీసుకుంటే చాలు. కానీ ఒళ్లు మండిపోయింది. ఊరికే ఇచ్చేది విలువ లేనిదేగా. రేపటి నుంచి ఇది చంద్రమౌళి దానం చేసిన వైసు, తండ్రి పేరు మీద మళ్లీ ఒక లప్పం. అట్లాగని తొమ్మిది వందలు పెట్టి కొంటే? తూకానికి అమ్మినవాడిది ఒక తప్పయితే, తూకానికి కొన్న కూతురిది రెండో తప్పు. ఈ సంగతి నిన్న తట్టలేదు. తట్టనందుకు తన మీదే కోపం వచ్చింది.

"ఊరికె వద్దు" అంది. చప్పట్లు సన్నగిల్లాయి. "నీకు ఇంగ్లండ్ పేరు గావాలె. గిది అసలుది, పట్టీ అతికించింది గాదు. తీస్కపో. మా అబ్బాది నాకియ్యి. ఇనుముకు ఇనుము, పేరుకు పేరు."

లక్ష్మణ్ చెవి దగ్గరికొచ్చి, అది నీ పనిముట్టు కదా చాచీ, ఊరికే ఇస్తుంటే ఎందుకు పోగొట్టుకుంటావని గొణిగాడు. ఆమె వినలేదు. చంద్రమౌళికి వద్దనడానికి లేదు, అవుననడానికీ ముఖం లేదు. నీ ఇష్టం ఖుర్షీద్ బీ అన్నాడు చివరికి, మైకుకు దూరంగా. తండ్రి వైసును ఆమె తనే రెండు చేతులా ఎత్తి కుర్చీ మీద పెట్టి, ఇంగ్లండుదాన్ని చంద్రమౌళి దుకాణంలో దించి రమ్మని బీక్యాకు చెప్పింది. దుకాణం తాళంచెవి ఆయన జేబులోనే ఉండటంతో ఆయన కూడా వెంట వెళ్లక తప్పలేదు. మెడలో గులాబీ కండువాతో, ఇంగ్లండు వైసు బండి వెనకాల, ఆయన చౌరస్తా దాటి పోతుంటే శిబిరం మొత్తం లేచి నిలబడి చూసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకే నయంగా ఉండేది.

ఆయన దుకాణం నుంచి పని రావడం ఆ రోజుతో ఆగిపోయింది. అన్నంత పనీ చేశాడు. ఆమె పట్టించుకోనట్టే ఉంది కానీ, ఇంట్లో బియ్యం, పప్పు డబ్బాల మూతలు తీసి చూసుకోవడం మాత్రం ఎక్కువైంది.

నాలుగో రోజు లక్ష్మణ్ వచ్చాడు. శిబిరం గుడారానికి ఉన్న ఇనుప కడ్డీ గాలికి వంగిపోయింది, సరిచేయాలి. బెంచీకి కొత్తగా బిగించిన వైసును చుట్టూ తిరిగి చూశాడు. ఆమెను నొప్పించడం ఇష్టం లేకపోయినా మనసులో మాట ఆగలేదు.

"నిజం చెప్పు చాచీ, గిది ఆగుతదా?"

ఆమె కడ్డీ కొసను దవడల మధ్య పెట్టి పిడి తిప్పింది. రెండు చేతులతో బిగించింది.

"గుంజు" అంది.

లక్ష్మణ్ గుంజాడు. కడ్డీ కదలకపోతే చెప్పులు విడిచి, బెంచీ కాలికి పాదం తన్నిపెట్టి వెనక్కి వాలి గుంజాడు. నలుగురు మనుషుల బరువున్న బెంచీ నేల మీద కిర్రుమని జానెడు జరిగింది. కడ్డీ మాత్రం ఉన్నచోటే ఉంది.

అతను అరచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆమె గుడ్డ తీసుకుని అక్షరాల మీద అంటిన మసి తుడిచింది.

"పంతులువు గదా. చదువు."

పై వరస అతనికి రాదు. కింది వరస మీద వేలు పెట్టి, బడిలో పిల్లలకు చెప్పినట్టు చదివాడు, జనగామ అని. పై వరస ఖుర్షీద్ బేగం చదివింది, వీధి అవతలికి వినబడేంత గట్టిగా.