వాగు మీద ఎర్ర పేలికలు

నా రాత నెమ్మది. ఒత్తులు తప్పుతాయి. యాభై దాటాక రాత్రిబడిలో హైమ టీచరు దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఓపికపట్టి చదవండి. ఇది నా పెనిమిటి బొజ్జయ్య సంగతి. రెండువేల ఐదు వానాకాలం.

ఆ రోజు పొద్దున్నే బొజ్జయ్య కరెంటు స్తంభం మీద ఉన్నాడు. నడుముకు తాడు బిగించుకుని, వెదురు బద్దల రింగులకు ఎర్ర పేలికలు ముడివేస్తున్నాడు. కరెంటు ఆఫీసులో పదకొండేళ్లుగా రోజుకూలీ. స్తంభాలెక్కి ఎక్కి అరికాళ్లు తాబేటి చిప్పల్లా గట్టిపడ్డాయి. ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడో కాలి వంకరపోయాయి. మాట తక్కువ మనిషి.

చర్ల అవతల మా గూడెం దగ్గర వాగు దాటే తీగకు ఈ గుట్ట మీద ఒక స్తంభం, ఆ గుట్ట మీద ఒకటి. నడుమ ఏమీ లేదు. మబ్బు పడితే తీగ కంటికి ఆనదు. వరదకు కరెంటు ఆపి నాలుగు రోజులైంది. మునిగిన గూడేలకు పులిహోర పొట్లాలు వేసే హెలికాప్టర్ మబ్బుల కిందుగా, వాగు వెంబడే వస్తోంది. ముందురోజు అది తీగకు బారెడు పైనుంచి పోవడం చూసి బొజ్జయ్య లైన్‌మన్ సీతయ్యకు చెప్పాడు.

"ఆఫీసుల చెప్పిన. రాసుకున్నరు," అన్నాడు సీతయ్య.

పోడు చేలో తాడు కట్టి పేలికలు వేలాడదీస్తే పిట్ట చూసి పక్కకు తిరుగుతుంది. బొజ్జయ్యకు తెలిసిన ఉపాయం అదే. అమ్మవారి కొలుపుకు తెచ్చిన ఎర్రగుడ్డ చింపి ఇచ్చాను. రింగులన్నీ ఒకే పురికొసకు కట్టి తీగకు తొడిగాడు. తీగ నడుమ వంగి ఉంటుంది కనుక అవి వాటంతటవే జారి వాగు మధ్యకు పోయాయి.

ఇంతలో పోలీసు క్యాంపు నుంచి జీపు వచ్చింది. ఎస్సై పుల్లతో పళ్లు కుట్టుకుంటూ దిగాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, సీతయ్య.

"ఎవడ్రా ఈ జెండాలు కట్టింది?"

"జెండాలు కావు సార్, పేలికలు. తీగ కనబడాలె గదా. పిట్టలకు గిట్లనే కడతం."

"హెలికాప్టర్ నీకు పిట్ట లెక్క కొడుతుందారా?" కానిస్టేబుళ్లు నవ్వారు. "ఎర్రయే దొరికినయా? అడవిల అన్నలు చెప్పిండ్రా? పెద్దసార్లు గా హెలికాప్టర్లనే వరద చూడనీకి వస్తున్నరు. నా ఏరియాల ఎర్రజెండా కనబడితే నా టోపీ పోతది. తియ్."

"నా పంచె తెల్లదే సార్. అది చింపి కడత. జరసేపు ఆగుర్రి."

"పంచె ఇప్పి సార్లకు ఏం చూపిస్తవ్‌రా?"

మళ్లీ నవ్వులు. ఎస్సై ఉమ్మింది స్తంభం మొదట్లో పడి జారింది. సీతయ్య తన చెప్పులకేసి చూసుకుంటూ, "సార్ చెప్పినట్టు చెయ్యరాదు బొజ్జన్నా. నాకెందుకు తిప్పలు," అన్నాడు. ఆఫీసులో రాసుకున్న సంగతి అతను ఎత్తలేదు.

"మరి హెలికాప్టర్‌నన్న ఆపమను, సీతన్నా."

ఎస్సై పుల్లతో తీగవైపు చూపించాడు. బొజ్జయ్య పురికొస లాగాడు. పేలికలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. విప్పి భుజాన వేసుకున్నాడు. ఇంకా రెండు ఉన్నాయనగా మోత వినిపించింది.

మబ్బు దిగువన అది వాగు మలుపు తిరిగింది. నేను దిగమని కేక వేశాను. బొజ్జయ్య దిగలేదు. పేలికలన్నీ పిడికిట పట్టి ఊపాడు. కింద ఎస్సై టోపీ సర్దుకుని సెల్యూట్‌కు నిలబడ్డాడు.

హెలికాప్టర్ కాలికి తీగ చిక్కింది. స్తంభం మొదలంటా విరిగింది. హెలికాప్టర్ గిర్రున తిరిగి గుట్ట కింది వరిమడి బురదలో కూలబడింది. లోపలి నలుగురూ తమ కాళ్ల మీదే నడిచి వచ్చారు. ఎస్సై, సీతయ్య వాళ్ల కోసం పరుగెత్తారు. స్తంభం కింద బొజ్జయ్య నడుము తాడు విప్పింది నేనొక్కదాన్నే. అప్పటికే ఊపిరి లేదు. తిరిగి వచ్చిన ఎస్సై ముందు చేయించిన పని, పేలికలు ఏరించి వాగులో వేయించడం.

'అందరూ క్షేమం' అని పేపర్లో వేశారు. అక్షరాలొచ్చాక, దాచుకున్న ఆ ముక్క నేనే కూడబలుక్కుని చదివాను. నోరు చేదై, లేచి బయట ఉమ్మి వచ్చాను.

మూడోనాడు గుట్ట ఎక్కితే, ఆ పొద్దున ఆయన తునికి కొమ్మకు తగిలించిన జావ సొరబుర్ర అలాగే ఉంది. జావ పులిసి, మూత పక్కనుంచి నురగగా కారి, చీమలు పట్టింది.

కుంజా పూలి, యాభై ఆరేళ్లు. ఇప్పుడు ఖమ్మం ఖానాపురం హవేలిలో కూతురింట్లో ఉంటున్నాను.