తాత తినిన చిమ్మిలి

పుష్యమాసపు బహుళపక్షము. రాత్రి యంతయు గుండ్లకమ్మ నీటిమీద నిలిచి విసిగిన మంచు తెల్లవారుజామున నొడ్డెక్కి జొన్నచేలను దాటి రేగుపొదల ముండ్లకు జిక్కి చిరిగి పెంకుటిండ్ల చూరులనుండి బొట్టుబొట్టుగా రాలుచు వీధివాకిళ్లలో స్త్రీలప్పుడప్పుడే పెట్టుచున్న ముగ్గుల గీతలను చెరపుచుండెను. తూర్పుదిక్కున బాలభానుడు చలికి వెఱచినవాని చందమున మబ్బుల నడుమ ముడుచుకొని యుండెను. ఊర నన్ని వాకిళ్లును తెల్లని ముగ్గులతో వెలుగుచుండ నొక్క వాకిలి మాత్రము వట్టి పేడనీటి తడితో నల్లగా నుండెను. అది యజ్ఞనారాయణ యింటి వాకిలి. ఆనాడతని తండ్రి యాబ్దికము. ఆబ్దికమునాడు వాకిట ముగ్గుండరాదు.

ఆనాడే యతని కూతురు హైమవతి పుట్టినరోజు. దానికిని ముగ్గు లేదు.

ఏడేండ్ల క్రిందట నిదే తిథినాడు నడుమగదిలో మాణిక్యాంబ ప్రసవవేదన పడుచుండగా పడమటిగదిలో నామె మామగారు కడపటి శ్వాసలు విడుచుచుండెను. బిడ్డ యేడ్పును ముసలివాని మరణమును నొక్క గడియలోనే యా యింటికి వచ్చెను. ఏది ముందో యెవ్వరును చూడలేదు. అయినను అత్తగారగు సూరమ్మ చూచినట్లే చెప్పెను. తాతను మింగి పుట్టినది యను మాటయే పురిటిగదిలో నా బిడ్డకు పెట్టిన మొదటి పేరు. హైమవతి యనునది రెండవది.

మాణిక్యాంబ కోడికూతకు ముందే లేచి చన్నీట స్నానమాడి తడిబట్టతోడనే పొయ్యి రాజేసి అత్తగారి మడివంటయు భర్త దేవతార్చనకు వలసిన పూలును నీళ్లును సమకూర్చి కొడుకు భానుమూర్తికి తల దువ్వి కూతునకు జడ వేసి బడిగంటకు ముందే యా పిల్ల చేతికి మూత గల చిన్న యిత్తడిడబ్బా నందించుచుండెను. అందులో నుండునది పెరుగన్నము. కాని యా పెరుగన్నమున కొక యడుగు గలదు. ఒకనాడు వేయించిన పనసగింజ, ఒకనాడు బెల్లపుముక్క, ఒకనాడు గుమ్మడివడియము, ఏదో యొకటి యన్నము క్రింద దాగియుండును. ఆడపిల్లకు చిరుతిండి మప్పరాదని సూరమ్మ శాసనము. శాసనములున్న చోట నడుగులు పుట్టును.

"ఇవాళ అడుగున ఏం పెట్టావే అమ్మా?" అని హైమ ప్రతిదినమును గుసగుసలాడును.

"తిన్నవాళ్లకే తెలుస్తుంది. పో, గంట కొట్టేస్తారు" అని తల్లి ప్రతిదినమును తఱుమును.

ఇంటివారందఱును భుజించిన పిమ్మట గిన్నెలో మిగిలినది మాణిక్యాంబ భోజనము. ఏమియు మిగులని దినములును గలవు. అట్టినాడు కూతురు, నీవు తినవా యని యడిగినచో నామె యావలికి మొగము త్రిప్పి పొయ్యిలోని కట్టె నెగద్రోయుచు, "నాకాకలి లేదమ్మా" యనును. ఆ మాట నామె యెంత సహజముగా ననునన, ఆకలి సైతము విని నమ్మి లేచిపోవునట్లుండును.

ఆ మాసమునందే శుద్ధపక్షమున భానుమూర్తి జన్మతిథి వచ్చెను. తలంటియు క్రొత్తబట్టలును కర్పూరహారతియు నన్నియు జరిగెను. నువ్వులును బెల్లమును గలిపిన పాలు దోసిటబోసి త్రాగించి దీర్ఘాయువగునట్లు దీవించిరి. సూరమ్మ తానే రోటి ముందు గూర్చుండి నువ్వులను బెల్లముతో దంచి చిమ్మిలియుండలు కట్టి మనుమని నోట బెట్టెను. చూచిన కొలదిని వింతయైన గింజ యా నువ్వుగింజ. పుట్టినరోజున నాయువు కొఱకు దానినే తినిపింతురు. ఆబ్దికమునాడు పితరుల తృప్తి కొఱకు దానినే నీళ్లతో విడుతురు. బ్రతికినవారికిని అదియే, పోయినవారికిని అదియే. గింజకు భేదము లేదు. భేదమంతయు పెట్టెడి చేతిది.

ఆ సాయంకాలము హైమ తల్లి కొంగు పట్టుకొనెను.

"అన్నయ్యకు చిమ్మిలి పెట్టారుగా. నా పుట్టినరోజుక్కూడా పెడతావా?"

"నీదెప్పుడో తెలుసా నీకు?"

"తాతయ్య తద్దినం రోజు. నాయనమ్మ చెప్పింది. నాకు వేరే లేదంది."

మాణిక్యాంబ వంగి కూతు జడ సవరించెను. పిదప, "ఉంది. పెడతాను" అనెను. అత్తవారింట నడుగిడినది మొద లామె యొరులు చెప్పిన మాటలు వినుచు వచ్చినదే గాని యెవ్వరికిని మాట యిచ్చి యెఱుగదు. ఇచ్చిన మొదటి మాట యిది.

ఆబ్దికమునాడు పితృస్థానమున గూర్చుండు బ్రాహ్మణులగు భోక్తలు భుజించువఱకు నింట నుడికిన మెతుకు నెవ్వరును ముట్టరాదు. చిన్నపిల్లలకు మాత్రమటుకులును బెల్లమును పెట్టవచ్చును. కొడుకు కర్మ నేర్చుకొనవలెనని భానుమూర్తి నింట నుంచుకొందురు. హైమను మాత్రము బడికి బంపుదురు. ఆ దినమున నా పిల్ల మొగము కంటబడరాదని సూరమ్మ కోరిక.

ముందటినాటి సంధ్యవేళ సూరమ్మ దీపము పెట్టుటకు గుడికి బోయిన సమయమున మాణిక్యాంబ, మఱునాటి కర్మకై యేరి చేటలో నారబెట్టిన నల్లనువ్వులలో నొక పిడికెడు తీసెను. ఇంట వేఱు నువ్వులు లేవు. అడిగిన నిచ్చువారును లేరు. కొంచెము బెల్లముతో వడివడిగా దంచి నిమ్మకాయంత యుండ యొక్కటి కట్టి యిత్తడిడబ్బా యడుగున బెట్టి తెల్లవాఱగనే దానిపై నటుకులు కప్పెను. రోలు మూడుమారులు కడిగెను. రోలు కడిగినను గాలిని కడుగ నెవ్వరి తరము?

తెల్లవాఱెను. హైమ డబ్బాతో గడప దాటబోవుచుండగా నరుగుమీద దర్భలు సవరించుచున్న సూరమ్మ ముక్కుపుట లెగురవేసెను.

"ఇట్రావే పిల్లా. ఏమిటే ఆ వాసన?"

హైమ తల్లి వంక చూచెను.

"అటుకులే అత్తయ్యగారూ" అని మాణిక్యాంబ లోపలినుండి పలికెను.

"అటుకులకు నువ్వుల కమ్మదనం ఎప్పుడబ్బిందే? మూత తియ్యి."

మూత తీయబడెను. సూరమ్మ పుల్లతో నటుకుల నిటునటు త్రోయగా నడుగున నల్లని యుండ బయటబడెను.

"ఒరే యజ్ఞం! ఇట్రారా నాయనా, నీ పెళ్లాం ఘనకార్యం చూద్దువుగాని! పితృదేవతలకని నేను కళ్లు పోయేట్టు ఏరి పెట్టుకున్న నువ్వులురా! వాళ్ల నోటికందకముందే దీని నోటికందిస్తోంది. అప్పుడు మనిషిని మింగింది చాలక ఇప్పుడు తద్దినాన్ని కూడా మింగుతుందిట!"

యజ్ఞనారాయణ మడిబట్టతో వచ్చి నిలిచెను. అతడు కోపిష్ఠి కాడు. కోపిష్ఠి యైనచో నయమై యుండెడిది. కోపము చల్లారును. అతడు ధర్మిష్ఠుడు.

"పిడికెడే తీశానండీ. పిల్ల పుట్టినరోజు" అని మాణిక్యాంబ తలుపుచాటునుండి మెల్లగా ననెను.

"ఇవాళ మా నాన్న పోయిన రోజు."

"రెండూనండీ."

"రెండు కుదరవు. పారెయ్."

పారవేయుటకు నామె చేయియే కావలసెను. అతడు మడిలో నుండెను. మాణిక్యాంబ డబ్బా గైకొని పెరటిలోనికి బోయి గోడ మొదట నటుకులతో గూడ నా యుండను వంచి పోసెను. తిరిగి వచ్చునప్పటికి హైమ గడపయొద్దనే నిలుచుండి చేయి చాచెను. కన్నులలో నీరు లేదు.

"డబ్బా ఇయ్యమ్మా."

"అందులో ఏం లేదే తల్లీ."

"తెలుసు. అందరూ డబ్బాలు పెట్టుకుని కూర్చుంటారు. నేనొక్కదాన్నే ఉత్త చేతుల్తో ఎట్లా కూర్చునేది?"

మూత బిగించిన శూన్యమును చంకబెట్టుకొని యా పిల్ల మంచులోనికి నడచిపోయెను.

కర్మ యథావిధిగా జరిగెను. మంత్రలోపము లేదు, తంత్రలోపము లేదు. భోక్తలలో బెద్దవాడు సోమయాజులను వృద్ధుడు. పోయినవాని బాల్యమిత్రుడు. ఆయన గారెలను పేరు పేరున బలుకరించి భుజించి త్రేన్చి తాంబూలము వేసికొని పెరటి పంచలో జేరగిలబడెను. అప్పుడు యజ్ఞనారాయణ పిండము నరిటాకులో బెట్టి కాకికై గోడమీద నుంచెను. కాకి ముట్టినగాని యెవ్వరును విస్తరి ముందు గూర్చుండరాదని యా యింటి యాచారము.

కాకి రాలేదు. పొద్దు నడినెత్తి దాటెను. భానుమూర్తి "కా కా" యని యఱచి యఱచి బొంగురుగొంతు వడి గారెల గంపను జూపులతో దినుచు గూలబడెను. పోయినవారికి తృప్తి కలుగలేదని సూరమ్మ శోకమారంభించెను. "తెల్లారకముందే ఎంగిలి చేస్తే ఎందుకొస్తార్రా? ఎట్లా వస్తార్రా?" అని యామె కన్నీరు తుడుచుకొనుచు గోడలి వంక చూచెను. యజ్ఞనారాయణయు జూచెను. మాణిక్యాంబ నేల చూచుచుండెను. ఆమె మనసందు లేదు. ఈ వేళకు బడిలో డబ్బాల మూతలు తీయుదురు. ఆ పిల్ల యేమి చేయుచుండునో యని యామె చింత.

అంతలో రెక్కల చప్పుడైనది. కాకి యొకటి గోడమీద వ్రాలెను. తల పక్కకు వంచి పిండమును జూచెను. చూచి దానిని విడిచి గోడ దిగి దాని మొదట బడియున్న చిమ్మిలిని ముక్కుతో బొడిచి రెండు మూడు తునకలు మ్రింగి మిగిలినది ముక్కున గఱచుకొని మఱల గోడ యెక్కి యప్పుడు పిండము నొకమాఱు తాకి యెగిరిపోయెను. మఱి నాలుగు కాకులు వచ్చి యటుకులమీద బడెను.

సోమయాజులు పొట్ట కదలునట్లు నవ్వెను. "చూశావుటోయ్ యజ్ఞం! చచ్చి ఇన్నేళ్లయినా మీ నాన్నకు తీపి పిచ్చి వదల్లేదోయ్! చిన్నప్పుడు మేమిద్దరం ఉట్టి తెంపుకుని చిమ్మిలి తిని, మీ బామ్మ చేతిలో కవ్వం దెబ్బలు తిన్నాం. ముందు తీపి పెట్టకుండా పిండం చూపిస్తే వస్తాడుటయ్యా వాడు?"

సూరమ్మ మొగము విప్పారెను. "అవునన్నయ్యా, ఆయనకు చిమ్మిలంటే ప్రాణం. నాకే తట్టలేదు, పాపిష్ఠిదాన్ని" అని చేతులు జోడించి గోడకు మ్రొక్కెను. ఉదయమున ననాచారమైనది మధ్యాహ్నమున కనుగ్రహమయ్యెను. అందఱును నవ్విరి. విస్తళ్లు వేసిరి.

యజ్ఞనారాయణ వడ్డన నడుమ దల యెత్తకయే, "ఇదిగో, వచ్చే ఏటినుంచి తద్దినానికి చిమ్మిలి కూడా చెయ్యి. నాన్నగారి పేర" అనెను.

"అట్లాగేనండీ" యని మాణిక్యాంబ బదులు పలికెను.

ఆ చిమ్మిలి యెవరిదో యెవ్వరును తలపలేదు. ఆ పిల్లకు సంవత్సరమునకొక్క దినము. ఆ దినమున కొక్క యుండ. అదియు నేటితో తాతగారి వంటకములలో జేరిపోయెను. దొంగిలించిన సొత్తును దిరిగి యడుగవచ్చును. దేవుని కర్పించిన దానిని, పితరుల కర్పించిన దానిని యెవ్వ రడుగగలరు?

సాయంకాలమునకు గిన్నెలు బోర్లించిరి. చివరకు మిగిలిన యన్నమును రెండు గారెలను మాణిక్యాంబ యొక యాకులో సర్ది మూతపెట్టి కూతునకై దాచెను. తాను తినలేదు. పొద్దు గ్రుంకువేళ హైమ వచ్చెను. కాళ్లు కడుగుకొని వంటయింటి గడపమీద గూర్చుండెను. పెదవులెండి యుండెను. తల్లి యాకును ముందు బెట్టి, "తిను తల్లీ" యనెను.

"నువ్వు తిన్నావా?"

"నాకాకలి లేదమ్మా." ఆ మాట యలవాటున వెడలెను.

హైమ యాకును ముట్టలేదు. డబ్బా ముందునకు జరిపెను. "ముందిది చూడు. అడుగున చూడు."

మాణిక్యాంబ మూత తీసెను. లోన నొక బాదమాకు పఱచియుండెను. ఆకు తొలగించెను. దాని క్రింద దోరగా ఎఱ్ఱబడిన రేగుపండ్లు గుప్పెడు.

"ఎక్కడివే ఇవి?"

"బళ్లో నా పక్కన కూర్చునే సుబ్బులు ఇచ్చింది. నా డబ్బా ఉత్తదని చూసేసింది. తన అన్నం కూడా పెట్టబోయింది. నేనే వద్దన్నాను."

"మరి ఇవన్నా తినకపోయావా?"

హైమ మొగ మావలికి త్రిప్పెను. "నాకాకలి లేదమ్మా. నీకే."

అదే గొంతు. అదే త్రిప్పు. ప్రతిదినమును తాను పొయ్యి వంక చూచి యనెడి మాటయే యేడేండ్ల నోట దడబాటు లేక వెడలెను. పిల్ల పొట్ట వీపునకంటియుండెను. మాణిక్యాంబ చటుక్కున జేయి చాచి కూతు నోరు మూసెను.

"ఆ మాట అనకే! ఇంకెప్పుడూ అనకు!"

పిల్ల బెదరి చేతి సందునుండి, "నువ్వు అంటావుగా?" అనెను.

 ఉదయమున నుండ పారవేయునప్పు డేడ్వని తల్లి కన్నుల నిప్పుడు నీరు నిండెను. ఆమె కూలబడి యాకును దమ యిద్దఱి నడుమకు లాగి ముద్ద కలిపెను.

"ఆకలేస్తోందే" యనెను. పిదప నొకింత బిగ్గరగా, "నాకూ ఆకలేస్తోంది. పొద్దుటినుంచీ ఆకలేస్తోంది. రా, తిందాం."

"సంధ్యవేళ ఆ అప్రాచ్యపు కూతలేమిటే?" అని లోపలినుండి సూరమ్మ గద్దించెను. మాణిక్యాంబ విననట్లు మొదటి ముద్ద కూతు నోటబెట్టి రెండవది తాను దినెను. రేగుపండ్లను కొంగున ముడి వేసికొనెను.

పెరటిగోడమీద కాకి యొకమాఱు తాకి విడిచిన పిండము చలికి గట్టిపడి యాకున కంటుకొని యుండెను. పోయినవారి యాకలిని గనిపెట్టుటకు నా యింట శాస్త్రము గలదు, తిథి గలదు, కాకి గలదు. ఉన్నవారి యాకలికి నోరొక్కటే సాక్షి. ఆ నోరే యాకలి లేదని పలుక నేర్చినచో నింక నడుగువా రెవ్వరు?