పలవాన్ మీదుగా ఇలోఇలో

ఈసారి మా దేశం వెళ్ళడానికి నా చేతిలో ఉన్న పెట్టుబడి ఇది: మూడు వారాల తీరిక, టికెట్లకి పనికొచ్చేలా ఏళ్ళ తరబడి పోగైన విమానం పాయింట్లు, సముద్రం కోసం మొహం వాచిపోయిన భార్య రొవేనా. కెనడాలో, విన్నిపెగ్‌లో మాది ఫిలిప్పీన్స్ సరుకుల కొట్టు. మేము లేనన్నాళ్ళు దాన్ని చూసుకోవడానికి రొవేనా పినతల్లి కూతురు ఎల్మా ఒప్పుకుంది. ఏ సరుకు ముందు పెట్టాలో, ఏది వెనక్కి నెట్టాలో తెలిసినవాణ్ణి. ప్రయాణాన్నీ అలాగే పేర్చాను.

మనీలాలో దిగడం, అక్కణ్ణించి పలవాన్ దీవి, తర్వాత బోహోల్ దీవి. చివరి నాలుగు రోజులు మాత్రం ఇలోఇలోలో, మా అక్క పురీతా ఇంట్లో. అక్కకి ఇలోఇలోలో దిగే తేదీ ఒక్కటే చెప్పాను. అంతకుముందే దేశంలో ఉంటామన్న సంగతి దాచాను.

కారణం ఉంది. మా వైపు విదేశం నుంచి మనిషి వస్తున్నాడంటే ఇంటికి తీసుకెళ్ళడానికి ఒకరిద్దరు రారు. జీప్నీ బస్సు మాట్లాడుకుని చంటిపిల్లలతో సహా వస్తారు. ఆ పైన అతను ఏ ఒడ్డుకు వెళ్తే ఆ ఒడ్డుకు అందరూ కదులుతారు, ఖర్చు అతనిదే. కిందటిసారి బొరాకాయ్ దీవికి ఇద్దరం బయల్దేరితే, పడవ దిగేసరికి పంతొమ్మిది మందిమి. అలాంటి నష్టం మళ్ళీ రాకూడదనుకున్నాను.

నేను వేసిన దారి చూసి రొవేనా, "ఇది ప్రయాణంలా లేదు. పోలీసుల కంటపడకుండా పోయే దారిలా ఉంది" అంది.

"నీకు సముద్రం కావాలా, వద్దా?"

"కావాలి. దొంగతనంగా కావాలని అన్నానా?"

జనవరిలో ఒక శనివారం సాయంత్రం, కొట్టు కట్టేసి మంచులో ఇంటికి చేరేసరికి అక్క వీడియో కాల్ చేసింది. అక్కడ ఆదివారం పొద్దు. పెరట్లో కూర్చుని చేపలు బాగుచేస్తోంది.

"తోతో, బాగా ఒళ్ళు చేశావురా. కొట్లో సరుకంతా నువ్వే తింటున్నావా?" అంది. తోతో అంటే మా వైపు తమ్ముడికి ముద్దు పేరు. నా జుట్టు నెరిసినా అక్కకి నేను తోతోనే.

"కొనేవాళ్ళు లేక తింటున్నానక్కా."

"సరేగానీ, ఓ వారం ముందు రాలేవూ? మీ బావ స్నేహితుడి పడవ ఆ వారమే ఖాళీ. తర్వాత వేటకి పోతుందట. ముందు అమ్మ పుట్టిన ఊరెళ్దాం. అక్కణ్ణించి పడవెక్కి గిమారాస్ దీవి. అప్పటికి మామిడిపళ్ళ రోజులు కదా, రాత్రికి అక్కడే ఇసకలో పడుకుందాం. అన్నం, కూర అన్నీ ఇంట్లోనే వండుకొస్తాం. నువ్వు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు."

ఆమె అడిగిన వారం నేను పలవాన్ నుంచి బోహోల్ వెళ్తుంటాను.

"అంత ఏర్పాటు ఎందుకక్కా?" అన్నాను.

వెనక నుంచి మేనకోడలు గ్వెన్ గొంతు వినబడింది. "కిందటిసారి బొరాకాయ్ హోటల్లో బిల్లు రాగానే మామయ్య మొహం చూశాంగా! ఆ మొహం మళ్ళీ చూడలేం బాబూ!"

"నోర్ముయ్యవే!" అక్క కసిరింది. తర్వాత నాకేసి నవ్వింది. "దానికి ఎప్పుడేం మాట్లాడాలో తెలీదు. పట్టించుకోకు."

ఆ రోజు నేనా బిల్లును తిరగేసి మరీ చూశాను. ఎవరూ గమనించలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందరూ చూశారన్నమాట. నిజం చెప్పడానికి అదే అదను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"ముందు రావడానికి టికెట్లు లేవక్కా. విమానాలన్నీ నిండిపోయాయి."

అక్క ఇంకో చేప అందుకుంది. "లేకపోతే ఏం చేస్తాంలే. పిల్లలకి నేను చెప్పుకుంటాను."

ఫోన్ పెట్టేశాక రొవేనా నాకు అన్నం పెట్టకుండా వెళ్ళి పడుకుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పలవాన్ గది వదులుకుంటే కట్టినదాంట్లో సగం పోతుంది. బోహోల్ విమానం వదులుకుంటే పైసా తిరిగి రాదు. ఎటు తిప్పి చూసినా వెళ్ళడమే లాభం. కానీ లెక్క వేస్తున్నంతసేపూ జేబులో చెయ్యి పెట్టక్కర్లేదన్న మాటే వినబడుతోంది. ఆ వంటకి బియ్యం తెచ్చేవాళ్ళలో నెల జీతం ఉన్నవాడు ఒక్కడూ లేడు. వాళ్ళు నన్ను పిలుచుకుంటుంటే నేను వాళ్ళకి అందకుండా దారి వేశాను.

మర్నాడు పొద్దున్నే రెండూ రద్దు చేశాను. రొవేనాకి చెబితే, "గిమారాస్ సముద్రం కూడా తడిగానే ఉంటుంది" అంది. ఆ పూట నాకు వేడి కాఫీ దొరికింది.

ఆ సాయంత్రం అక్కకి నేనే ఫోన్ చేశాను. బజార్లో తన చేపల బల్ల ముందు కూర్చుని ఉంది.

"అక్కా, మన అదృష్టం! టికెట్లు దొరికాయి. వారం ముందే వస్తున్నాం."

"పలవాన్ గదివాళ్ళు డబ్బులు తిరిగిచ్చారా, తోతో?"

అక్క ఫోన్ పక్కకి తిప్పింది. పక్క బల్ల దగ్గర రొయ్యలు తూస్తున్న ఆవిడ నాకు చెయ్యూపింది. ఎల్మా వాళ్ళమ్మ, అంటే రొవేనా పినతల్లి. కొట్టు అప్పజెప్పడానికి ఎల్మాకి నా దారంతా విప్పి చెప్పాను. ఆమె తన తల్లికి చెబుతుందన్నది నా లెక్కలోకే రాలేదు.

"ఎప్పణ్ణించి తెలుసక్కా?"

"గది తీసుకున్న వారానికే."

"మరి నిన్న అడగలేదేం?"

"అడిగానుగా, వారం ముందు రాలేవూ అని. ఇంకెలా అడగమంటావురా?"

"పడవ ఆ వారమే ఖాళీ అన్నావు..."

"అది ఏడాదిగా ఒడ్డునే ఉంది. పాపం, ఆ పడవవాడికి నడుం నొప్పి."

"పిల్లలకి తెలుసా?"

"నా నోటి నుంచి రాలేదు. ఈవిడ నోరూ నేనే కట్టేశాను. టికెట్లు దొరక్క మామయ్య ఏడ్చినంత పని చేశాడని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. గ్వెన్ అది విని, నిన్న వాగినందుకు కుమిలిపోతోంది. నీకు క్షమాపణ చెబుతుందట."

"వద్దక్కా. తప్పు దానిది కాదు. నేను..."

"బేరం వచ్చింది. పెట్టేస్తున్నా."

మొత్తం లెక్క ఇది. పలవాన్ పోయింది, బోహోల్ పోయింది, వాటితో పాటు కట్టిన డబ్బూ చాలా వరకు పోయింది. వచ్చింది ఒక్కటే. ఇలోఇలోలో, వాళ్ళ కోసం ఏడ్చినంత పని చేసిన మామయ్యగా విమానం దిగుతాను. చేయని తప్పుకి ఆ పిల్ల క్షమాపణ అడుగుతుంది, నేను తలూపుతాను.