ఆకు కింద చేప

చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందని యాక్‌రాయిడ్ మొహంమీదే అన్నాడు. అని, అరిటాకు ముందుకు జరిపి ఇంకో ముక్క వెయ్యమన్నాడు.

నీలకంఠానికి చెవులు కాలాయి. భుయ్యాడీహ్‌లోని తన రెండు గదుల ఇంటికి దొరలిద్దర్ని భోజనానికి పిలవడమే సాహసం. అది డెబ్బై ఎనిమిది వేసవి. గమ్హరియాలో అతను పనిచేసే ఫౌండ్రీని పరీక్షించడానికి ఇంగ్లండునుంచి వచ్చారు వాళ్ళు. కరిగిన ఇనుము పోయడానికి చేత్తో ఇసక అచ్చులు కట్టే సెక్షన్‌కి అతను ఫోర్‌మన్. ఆ సెక్షన్ ఉండాలో పోవాలో శనివారం తేల్చేది ఈ ఇద్దరే. శ్రీకాకుళం వైపునుంచి ఈ ఉత్తరాది ఉక్కు పట్నానికి వలస వచ్చిన మనుషుల కూడు దానిమీదే ఉంది.

రెండో దొర పెల్హమ్ మాత్రం "అద్భుతం" అన్నాడు. నీలకంఠం తల్లి దాలమ్మ వైపు తిరిగి తల కాస్త వంచాడు. ఆమె అడిగితే ఇద్దరి మాటలూ నీలకంఠం తెలుగులో చెప్పాల్సివచ్చింది. పెల్హమ్ గొంతు వెన్నపూస.

"మాది ఉత్తరం, షెఫీల్డ్," అన్నాడు యాక్‌రాయిడ్ ముల్లు తీస్తూ. "మావైపు బాగులేకపోతే బాగులేదంటాం. ఇతనిది దక్షిణం, లండన్ పక్క. వీళ్ళలా అనరు. మరి ఏమంటారో, ఇన్నేళ్ళు కలిసి పనిచేసినా నాకే తెలీదు."

"మా యాక్‌రాయిడ్ మాటలు పట్టించుకోకండి," అని పెల్హమ్ సన్నగా నవ్వాడు.

నీలకంఠం కూడా నవ్వాడు, పెల్హమ్ నవ్వినంతే.

అంతకు ముందురోజు ఫౌండ్రీలో యాక్‌రాయిడ్ చల్లారిన పోత ఒకటి సుత్తితో పగలగొట్టాడు. లోపలి గాలి తొర్రలు చూపించి, అందరూ వింటుండగా, "చెత్త" అన్నాడు. "ఇసకలో తడి ఎక్కువ. షిఫ్టు దిగాక ఉండు. ఇద్దరం కలిసి బాగుచేద్దాం." ఎవరో మొహంమీద ఉమ్మినట్టయింది నీలకంఠానికి. అతను ఉండలేదు. తనవాళ్ళ మోటుమాటను అసహ్యించుకుంటూ పెరిగినవాడు. విజయవాడనుంచి వచ్చిన అకౌంట్స్ ఆఫీసర్ని చూసి 'అండీ'లు నేర్చుకున్నవాడు. తల్లి నలుగురిలో 'ఏటి' అంటే అతనికి ఒళ్ళు చీదర. అలాంటి మోటుతనం ఇంగ్లీషులోనూ ఉంటుందని అతను ఊహించలేదు. గేటు దగ్గర పెల్హమ్ కనిపించి, "మీ పద్ధతి చాలా ఆసక్తికరంగా ఉంది. నేనైతే ఆ ఇసక సంగతి ఒకసారి చూసుకునేవాణ్ణేమో," అన్నాడు. నీలకంఠం ఆ మాటలో మొదటి సగం పట్టుకుని ఇంటికొచ్చాడు.

దొరలు వెళ్ళాక దాలమ్మ ఆకులు ఎత్తుతూ ఆగింది.

"ఒరే, ఇలగ రా. ఇది సూడు."

పెల్హమ్ ఆకు మడత కింద, అన్నంలో కప్పెట్టి, నమిలిన చేపముద్ద. బూడిదరంగు తొక్క, దానికి అంటుకున్న లాలాజలం. నీలకంఠం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఉప్పెక్కువన్నోడు ముల్లు కూడా సీకీసినాడు. బాగుందన్నోడు నమిలీసి ఆకు కింద తోసీసినాడు."

"ఎంగిలాకులు కెలకడమేమిటే అమ్మా, ఛీ. నీ మనసు నొప్పించకూడదని అలా చేశాడు. పెద్దమనిషి."

"నా మనసు నొచ్చితే రేపు ఉప్పు తగ్గిత్తును కాదేటి? ఇప్పుడు నాకెలగ తెలుత్తాది?"

 అతను ఆ అసహ్యాన్నంతా పెల్హమ్ మీదనుంచి తీసుకెళ్ళి, ఎంగిలి కెలికిన తల్లి వేళ్ళమీద పెట్టి పడుకున్నాడు.

మర్నాడు ఇసక దగ్గర యాక్‌రాయిడ్ నిలదీశాడు. "ఏం చేశావు?"

"చూస్తున్నామండీ."

యాక్‌రాయిడ్ అతని కళ్ళలోకి ఒక క్షణం చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఉండమనలేదు.

శనివారం పరీక్షకు పోసిన పోతలన్నీ పగలగొట్టారు. అన్నిట్లోనూ అవే తొర్రలు. మేనేజరు గదిలో పెల్హమ్ మాట్లాడాడు. వాళ్ళ శ్రమంటే తమకెంతో గౌరవమన్నాడు. 'ప్రస్తుత పరిస్థితుల్లో' అన్నాడు. 'బహుశా' అన్నాడు. ఆ వాక్యం ఎక్కడికి పోతుందో తెలియక నీలకంఠం తల ఊపుతూనే ఉన్నాడు.

"మూసేస్తున్నాం," అన్నాడు గుమ్మంలోంచి యాక్‌రాయిడ్. "మొదటిరోజే చెప్పాను నీకు. ఉండమన్నాను." అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

పెల్హమ్ చెయ్యి కలిపాడు. మెత్తగా, పొడిగా ఉంది ఆ చెయ్యి. నీలకంఠం బయటికొచ్చి తన అరచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. తన చెయ్యి కూడా అంతే మెత్తగా ఉంది.

ఇసక కుప్ప దగ్గర అసిరయ్య లేచి నిలబడ్డాడు. సెక్షన్‌లో అందరికన్నా పాతకాపు.

"ఏటన్నారు బాబూ? మన సెక్షన్ ఉంటాదా, పోతాదా? ఒక్క ముక్క సెప్పీ."

ఒక్క ముక్కే. అది నాలుక మీదే ఉంది.

"మనమంటే వాళ్ళకి చాలా గౌరవం, మావా," అన్నాడు నీలకంఠం. ఆ గొంతు తనకే వెన్నపూసలా వినిపించింది. "ఆలోచిస్తున్నారు. నువ్వేం బెంగపెట్టుకోకు."

"అలగయితే పరవానేదు. నానింకా ఏటో అనుకున్నాను."

అసిరయ్య బీడీ చెవిమీద పెట్టుకుని, సోమవారం పనికి ఇసక కలపడానికి వంగాడు. డబ్బాతో నీళ్ళు తీసి ధారాళంగా చల్లుతున్నాడు.

నీలకంఠం నోట్లో నమిలిన చేపముద్ద ఏదో అడ్డంపడ్డట్టుంది. మింగలేక, ఉమ్మలేక, తడిసి నల్లబడుతున్న ఇసకనే చూస్తూ నిలబడ్డాడు.